నా చక్రం మీద తడిచీర

నేను ఒక వాల్వుని. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. నాణెమో, గోడ గడియారమో తన కథ చెప్పుకుంటే నోరు తెరుచుకుని వింటారు గానీ మా జాతి కథ ఎవరూ అడగరు. మీ ఇంట్లో కుళాయి ఉంది కదా, దానికి పెదనాన్న వరస అవుతాను నేను. పోత ఇనుము ఒళ్లు, ఇత్తడి గొంతు, నెత్తిన బస్సు స్టీరింగు లాంటి చక్రం. చక్రాన్ని ఒకవైపు తిప్పితే దారి ఇస్తాను, రెండోవైపు తిప్పితే దారి మూస్తాను. బతుకంతా చేసింది ఈ రెండు పనులే. అవి రెండూ సమయానికి చేయగలిగినవాళ్లు మీ మనుషుల్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి ఆలోచించుకుని, ఆ తరవాత నన్ను చిన్నచూపు చూద్దురుగాని.

పుట్టింది బెజవాడ ఆటోనగర్లో, ఒక పోత కొట్టంలో. కరిగిన ఇనుము ఇసుక అచ్చులోకి దిగుతుంటే మేస్త్రి పక్కవాడితో "మెల్లగా పొయ్యి, లోపలి గాలి బయటికి పోనీ" అన్నాడు. లోకంలో నేను విన్న మొదటి మాట అది. గాలి లోపలే ఉండిపోతే ఒంట్లో బుడగలు పడతాయి. పైకి నున్నగా కనబడినా, ఒత్తిడి వచ్చిన రోజున పగిలిపోతాం. ఆ రకం వాళ్లను మనుషుల్లోనూ తరవాత చాలామందిని చూశాను. అచ్చు పగలగొట్టి, లేతు మిషను మీద చెక్కి, ఎర్రరంగు పూసి, నీళ్ల ఒత్తిడి పెట్టి పరీక్ష చేశారు. ఒక్క చుక్క కారలేదు. మేస్త్రి నా వీపు మీద చరిచి "పో, సుఖంగా బతుకు" అన్నాడు. ఎక్కడికి పోతానో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

మొదటి కాపురం పశ్చిమ గోదావరిలో ఒక చక్కెర మిల్లులో. బాయిలరు నుంచి వచ్చే ఆవిరంతా నా గొంతులోంచే పోవాలి. చెరుకు సీజను మొదలైతే నాకు ఊపిరి సలిపేది కాదు. నన్ను చూసుకునే ఫిట్టరు పేరు నాగూర్ మీరా. నా చక్రం కాడ చుట్టూ ఆవిరి కారకుండా ఒక నల్ల తాడు చుడతారు. అది ఏడాదికోసారి అరిగిపోతుంది, అరిగిపోగానే నేను బుసలు కొడతాను. నాగూర్ మీరా కొత్త తాడు పట్టుకొచ్చి చుడుతూ "పండగకి బట్టలు పెట్టకపోతే అలుగుతావు. నువ్వు వాల్వువి కాదు, మా ఇంటి అల్లుడివి" అనేవాడు. మిల్లులో ఆ పేరే ఖాయమైంది. అల్లుణ్ణి తెరిచారా, అల్లుణ్ణి మూశారా అని కేకలేసుకునేవాళ్లు. నిజం చెప్పొద్దూ, ఆ మర్యాదకి నాకు కొంచెం పొగరెక్కింది.

తరవాత మిల్లు మూతపడింది. ఎందుకు మూతపడిందో తలా ఒక మాట చెప్పారు, అన్నిట్లోనూ ఎదుటివాడిదే తప్పు. నాగూర్ మీరా చివరిసారి వచ్చి నా చక్రానికి గ్రీజు పూసి, చేతులు తుడుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇనుముకి ఏడుపేమిటంటారా, తుప్పంటే ఏమనుకున్నారు మీరు? లారీ ఎక్కించి మళ్లీ ఆటోనగర్ తీసుకొచ్చి, పాత సామాన్ల కొట్టులో గొట్టాల గుట్ట మీద పారేశారు. పుట్టిన వీధికే పాత సామానుగా తిరిగొచ్చాను. ఎదురు కొట్టంలో కొత్త వాల్వులు ఎర్రరంగు పూసుకుని నావైపు చూసేవి. నేను వాటివైపు చూసేవాణ్ణి కాదు.

అక్కణ్ణుంచి నన్ను పైకి తీసినవారు పరాంకుశం గారు. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం, బట్టతల, మంచి మనసు, ఒకటే పిచ్చి. ఆ పిచ్చి పేరు భూగర్భ ఉష్ణం. భూమిని లోతుకి తవ్వేకొద్దీ వేడెక్కుతుంది కదా, ఆ వేడితో కరెంటు తీయొచ్చు, ఇళ్లు వెచ్చబెట్టుకోవచ్చు, బొగ్గు కాల్చక్కర్లేదు, పొగ ఉండదు, ఎండ లేకపోయినా గాలి లేకపోయినా అది ఆగదు. ఇదంతా ఆయన ఏదో మంచుదేశం వెళ్లి కళ్లారా చూసి వచ్చారు. అక్కడ భూమిలోంచి వచ్చే వేడినీళ్లు గొట్టాల్లో ఇంటింటికీ తిరుగుతాయట, బయట మంచు పడుతుంటే లోపల జనం చొక్కాలతో తిరుగుతారట. కొట్టువాడు చుట్ట నోట్లో పెట్టుకుని ఇదంతా విని, "మరి మనకి ఎండాకాలంలో ఏం చేస్తారండి?" అని అడిగాడు. పరాంకుశం గారు దానికి నవ్వి, నా గొంతులోకి టార్చి వేసి చూసి, "ఆవిరి తట్టుకున్న ఒళ్లు, దీన్నే తీసుకుంటాను" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన పిచ్చిని నేను క్షమించేశాను.

నన్ను తీసుకెళ్లింది మణుగూరు దాటి, అడవి అంచున ఉన్న ఉడుకుబుగ్గ అనే కోయగూడేనికి. ఒకప్పుడు అక్కడ బొగ్గు ఉందేమో చూద్దామని ఎవరో బోరు వేశారు. బొగ్గు పడలేదు, ఉడుకు నీళ్లు పడ్డాయి. మోటారు అక్కర్లేకుండా వాటంతట అవే పైకి తన్నుకొచ్చాయి. బోరు వేసినవాళ్లు విసుక్కుని వెళ్లిపోయారు. గూడెంవాళ్లు సంతోషించి, ఆ నీళ్లకి కాలవ తీసుకుని, చల్లార్చుకుని, ఆడవాళ్లకి స్నానాల రేవు చేసుకున్నారు.

ఆ రేవుకి గోడ లేదు, తడిక లేదు. ఉన్నదల్లా ఒక కట్టుబాటు. ఆడవాళ్లు రాగానే ఒక చీర ఉతికి, బోరు గొట్టం మీద ఆరేస్తారు. గొట్టం వేడిగా ఉంటుంది కాబట్టి స్నానాలయ్యేసరికి చీర ఆరిపోతుంది, అది కట్టుకుని వెళ్లిపోతారు. గొట్టం మీద తడిచీర ఉందంటే లోపల ఆడవాళ్లున్నారని అర్థం. మగవాళ్లెవరూ ఆ దరిదాపులకి రారు. వచ్చినవాడు తల పక్కకి తిప్పుకుని వెనక్కి పోవాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. చీర ఆరేదాకా ఆగాలి, అంతే.

ఆ గొట్టం మీదే నన్ను బిగించారు. బిగించిన మర్నాడే నా చక్రం మీద ఒక తడి నేతచీర వచ్చి పడింది. బాయిలరు ఆవిరి మింగిన గొంతు నాది, మిల్లంతా అల్లుడని పిలిచిన ఒళ్లు నాది, నన్ను పట్టుకుని దండెం చేశారే అని కుంగిపోయాను. ఆరేసినామె నా బాధ పట్టించుకోలేదు. కొంగు సరిచేసి, చక్రం ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూసి, "గట్టిదే" అనుకుంటూ పోయింది. ఆమె పేరు పూనెం బుచ్చక్క. రెండెకరాల మిర్చి, నోరు, ధైర్యం ఆమె ఆస్తి. కిందటి ఏడు గాలివానకి ఇంటి పైకప్పు లేచిపోతే, అప్పట్నుంచీ ప్లాస్టిక్ పట్టా కిందే కాపురం.

గొడవ ఆ రోజే వచ్చింది. నాలోంచి వచ్చే నీళ్లన్నీ పక్క షెడ్డులోని కరెంటు యంత్రానికి మళ్లించారు, రేవు ఎండిపోయింది. బుచ్చక్క పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్లింది. అక్కడ పని చూసే ఇంజినీరు వైజయంతి. చదువు అయ్యి ఎన్నాళ్లో కాలేదు, హెల్మెట్టు తలకి పెద్దదై కళ్ల మీదికి జారుతూ ఉంటుంది. బుచ్చక్క ఆమెతో, "ఇంజినీరమ్మా, నీళ్లు మా కాళ్ల కింద పుట్టినయి. నీ యంత్రానికి ఎంత కావాల్నో అంత తాపుకో. తాపినంక మా నీళ్లు మాకియ్యి" అంది. వైజయంతి "అది కుదురుతుంది అక్కా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని బుచ్చక్క అనుకోలేదు, తెచ్చిన తిట్లన్నీ వాడకుండానే వెనక్కి తీసుకెళ్లాల్సి వచ్చింది.

యంత్రానికి కావలసింది నీళ్లు కాదు, నీళ్లలో వేడి. నీళ్లు లోపలికెళ్లి, ఇంకో తొట్టిలో తొందరగా మరిగే ఒక ద్రవాన్ని మరిగిస్తాయి. ఆ ఆవిరికి యంత్రంలో చక్రం తిరుగుతుంది, అది తిరిగితే కరెంటు పుడుతుంది. నీళ్లు మాత్రం కొంచెం చల్లబడి, ఒక్క చుక్క తగ్గకుండా బయటికొస్తాయి. వాటిని గొట్టంలో తిప్పి మళ్లీ రేవులోనే వదిలారు. ఇదివరకు చల్లార్చుకోవాల్సిన నీళ్లు ఇప్పుడు స్నానానికి సరిపడా వెచ్చగా వస్తున్నాయి. ఆడవాళ్లకి సంబరమే సంబరం. నావైపు చూసి "మంచోడు" అన్నారు. నేల ఇచ్చిన నీళ్లకి నేను పేరు కొట్టేశాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. నాకు ఇంకో లాభం కూడా కలిగింది. నాలోంచి వెళ్లిన నీళ్లు షెడ్డంతా తిరిగి నా కాళ్ల దగ్గరికే వచ్చేవి, వస్తూ వస్తూ లోపలి కబుర్లన్నీ మోసుకొచ్చేవి.

అంతటితో ఆగితే బాగుండేది. పరాంకుశం గారు మంచుదేశాన్ని మరిచిపోలేదు. కరెంటు ఒక్కటే చూపిస్తే ఏం గొప్ప, వెచ్చదనం కూడా చూపించాలి అన్నారు. షెడ్డుకీ రేవుకీ మధ్య ఒక పెద్ద గది కట్టించారు. గోడల పొడవునా వేడినీళ్ల గొట్టాలు, గొట్టాల వెనక ఫ్యాన్లు, కింద గచ్చు, పైన మంచి రేకులు. ద్వారం మీద "వెచ్చని విశ్రాంతి మందిరం" అని రాయించారు. ఎక్కడా? రోహిణి కార్తెలో కాకులు కూడా నీడ వెతుక్కునే భద్రాద్రి జిల్లాలో. నాకు నవ్వాగలేదు గానీ నా చక్రం కదిలితే నీళ్లు ఆగిపోతాయని బిగబట్టుకున్నాను.

ప్రారంభోత్సవం ఎండలు ముదిరాక పెట్టారు. ఎమ్మెల్యేగారు వచ్చి నా చక్రం తిప్పాలి. డప్పులు కొట్టుకుంటూ అందరూ బయల్దేరారు. సగం దారిలో తెల్లం జోగయ్య చేతులు అడ్డం పెట్టి ఆపేశాడు. జోగయ్య అంటే మా ఆపరేటరు, ఆ గూడెంవాడే, బుచ్చక్కకి మరిది వరస. నా చక్రం మీద చీర ఉంది. "ఇప్పుడు పోవద్దు సారూ, ఆడోళ్లున్నరు" అన్నాడు. చీర ఆరేదాకా ఎమ్మెల్యేగారు, పరాంకుశం గారు, డప్పులవాళ్లు మండుటెండలో తలలు పక్కకి తిప్పుకుని నిలబడ్డారు. ఆ తరవాత నన్ను తిప్పి, వెచ్చని మందిరంలోకి వెళ్లి, ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ఉన్ని శాలువాలు. ఎమ్మెల్యేగారు తన జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం ఎన్నడూ ఇవ్వలేదని వెంట వచ్చినవాళ్లు చెప్పుకున్నారు.

ఆ మందిరంలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు. మరి చలికాలంలోనో అంటారా? అడవి పక్క ఊరు, చలి బాగానే ఉంటుంది. కానీ అది మంట చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొచ్చే చలి, దాన్ని గదిలోకి తీసుకెళ్లి పోగొట్టుకోవడం వాళ్లకి దండగగా తోచింది. వానాకాలంలో మాత్రం జోగయ్య భార్య ఆ గదిలో తాళ్లు కట్టి బట్టలు ఆరేసుకునేది, తాళం జోగయ్య దగ్గరే కదా. ఈ సంగతి హైదరాబాదుకి తెలియదు. హైదరాబాదుకి తెలిసిందల్లా మందిరాన్ని ఎవరూ వాడటం లేదని. పుట్టే కరెంటు కూడా షెడ్డుకీ, నాలుగు వీధి దీపాలకీ, ఫ్యాన్లకీ సరిపోయేంతే. పై వాళ్లు పరాంకుశం గారిని పిలిచి, ఇది ఎవరికి కావాలో ఒక్క మనిషిని చూపించండి అన్నారట. ఆయన చూపించలేకపోయారు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు బుచ్చక్క చేను విరగకాసింది. అంతకుముందు ఏడు బొబ్బర తెగులు తినేసిన చేనే అది. కోసిన కాయంతా కల్లంలో ఎర్రగా పరిచింది. ఎండిపోతే అమ్మకం, అమ్మితే ఇంటికి పైకప్పు. రేవులో వీపు రుద్దుకుంటూ ఆ పైకప్పు గురించే చెప్పేది. రేకులా, పెంకులా అని ఆడవాళ్లంతా వాదించుకునేవాళ్లు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు గానీ, నేను మాత్రం పెంకుల పక్షం.

కాయ సగం కూడా ఎండకముందే మబ్బు పట్టింది. పట్టిన మబ్బు వదల్లేదు. అకాల వాన, ఉరుములు, గాలి, ఊరి కరెంటు స్తంభాలు రెండు ఒరిగిపోయాయి. బుచ్చక్క కాయని కుప్పచేసి, తన ఇంటి మీది పట్టా లాగి దాని మీద కప్పింది. ఇల్లు తడిస్తే తడవనీ అనుకుంది. కానీ ఆరని మిర్చిని కుప్పచేసి కప్పితే అది లోలోపలే ఉడికిపోతుంది. ఒకట్రెండు రోజుల్లో కాయ తెల్లబడి తాలవుతుంది, ఆ పైన బూజు. తాలుకాయని మార్కెట్టులో తట్టి చూసేవాడు కూడా ఉండడు. మర్నాడు పొద్దున కుప్పలో చెయ్యి పెట్టి చూసుకుంది. లోపల వెచ్చగా తగిలింది. ఆ తడి చెయ్యితోనే రేవుకి వచ్చి నా చక్రం పట్టుకుని నిలబడింది, స్నానం చేయలేదు, మాట్లాడలేదు. బుచ్చక్క మాట్లాడకపోవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు చాలా భయమేసింది.

వాన తుడుచుకుంటూ జోగయ్య గట్టు మీదికొచ్చి, అటు తిరిగి నిలబడే, "వదినా, మా ఇంటామె ఆ గదిల బట్టలు ఆరేస్తది. తడిగుడ్డ పొద్దుమూకేసరికి పెళపెళలాడతది" అన్నాడు. అంతే అన్నాడు. బుచ్చక్క నా చక్రం వదిలి పరిగెత్తింది.

వైజయంతి మొదట జంకింది. "అక్కా, అది మనుషులు కూర్చోడానికి కట్టిన గది" అంది.

"మనుషులెవరు కూసున్నరు తల్లీ?" అంది బుచ్చక్క.

వైజయంతి హెల్మెట్టు పైకి తోసుకుని "తాళం తియ్యండి జోగయ్య గారూ" అంది. ఊరు ఊరంతా కదిలింది. బస్తాల్లో, తట్టల్లో, చీరకొంగుల్లో మిర్చి మందిరంలోకి వచ్చింది. వెదురు తడికెలు అంతస్తులుగా కట్టి వాటి మీద పరిచారు. ఊళ్లో కరెంటు లేదు గానీ మా కరెంటు మాకుంది. నన్ను పూర్తిగా తెరిచారు, ఇన్నాళ్లకి గొంతునిండా నీళ్లు. ఫ్యాన్లు తిరిగాయి. గోడల గొట్టాల మీదుగా వేడిగాలి మిర్చిలో దూరింది. మందిరంలోకి వెళ్లొచ్చిన నీళ్లు నా కాళ్ల దగ్గరికొచ్చి "కాయ బతుకుతోంది" అన్నాయి.

ఆ మర్నాడు పొద్దునే లారీ వచ్చింది. సింహాద్రి అనే మేస్త్రి, నలుగురు పనివాళ్లు, పెద్ద పానాలు, ఒక ఇనుప మూత. విశాఖపట్నం వైపు మనుషులు. మా కరెంటు కేంద్రాన్ని ఆపేయమని పై నుంచి ఉత్తరువు. నన్ను మూసి, విప్పి, బోరు నోటికి ఆ మూత బిగించి వెళ్లిపోవాలి. వైజయంతికి ఫోను కూడా వచ్చింది, అడ్డు చెప్పకుండా సహకరించమని. మిర్చి ఎండటానికి ఇంకా రెండు రోజులైనా పడుతుంది. నన్ను మూస్తే వేడీ ఉండదు, కరెంటూ ఉండదు, తడికెల మీదున్నదంతా కుళ్లిపోతుంది. నా సంగతంటారా, మళ్లీ గొట్టాల గుట్ట. ఈసారి అది నాకు గుర్తుకే రాలేదు. ఆ పట్టా కూడా లేకుండా తడుస్తున్న ఇల్లే గుర్తొచ్చింది.

సింహాద్రి పానా భుజాన వేసుకుని వస్తూ వస్తూ ఆగాడు. జోగయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా చక్రం మీద బుచ్చక్క నేతచీర, వానలో తడుస్తూ వేలాడుతోంది.

"ఏటి బావూ, చీరకి భయపడిపోతన్నావేటి?" అన్నాడు సింహాద్రి.

"మీ ఊళ్లె ఆడోళ్లు తానం చేస్తుంటే పోతరా?" అన్నాడు జోగయ్య.

సింహాద్రి పానా దించి, తల పక్కకి తిప్పుకున్నాడు. మంచివాడే పాపం. "ఎంతసేపు?" అని అడిగాడు.

"చీర ఆరేదాక" అన్నాడు జోగయ్య, ఆకాశం వైపు చూడకుండా.

వాన పడుతూనే ఉంది. వానలో చీర ఆరుతుందా? ఆరదు. ఆరేదాకా ఎవరూ రాకూడదు. ఏ వాన బుచ్చక్క కొంప ముంచబోయిందో ఆ వానే ఇప్పుడు నా చక్రం మీద కాపలా కాస్తోంది. ఆడవాళ్లు వంతులేసుకుని రేవులోనే కూర్చున్నారు. అబద్ధం ఏమీ లేదు, నిజంగానే స్నానాలు చేస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక అన్నిసార్లు స్నానం చేసిన ఊరు ఇంకోటి ఉండదు. చేతులు ముడతలు పడిపోయాయి, కుంకుడుకాయలు అయిపోయాయి, ఉన్న కబుర్లన్నీ అయిపోయి పాత కబుర్లు మళ్లీ మొదలెట్టారు.

మధ్యాహ్నానికి సింహాద్రికి ఒక ఉపాయం తట్టింది. మగవాళ్లు కదా వెళ్లకూడనిది. "ఇంజినీరమ్మగారూ, మీరు ఆడకూతురే కదండీ, మీరెళ్లి ఆ చక్రం తిప్పీండి. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. జోగయ్య మొహం పాలిపోయింది. వైజయంతి గొడుగు వేసుకుని నెమ్మదిగా రేవులోకి దిగింది. బుచ్చక్క నీళ్లలోంచి లేచి నిలబడింది గానీ అడ్డం రాలేదు. "నీ చేతిల ఉంది తల్లీ" అంది, మెల్లగా.

వైజయంతి నా దగ్గరికొచ్చి చక్రం మీద చెయ్యి వేసింది. ఆమె ఉద్యోగం ఆ చేతిలోనే ఉంది, బుచ్చక్క ఇంటి కప్పూ ఆ చేతిలోనే ఉంది. నన్ను తిప్పితే తిరగాల్సిందే, మా జాతికి ఎదురు తిరిగే అలవాటు లేదు. గాలికి చీర ఒకవైపు జారి, కొంగు బురదలో పడి ఉంది. వైజయంతి వంగి ఆ కొంగు తీసింది. నీళ్లలో జాడించి, పిండకుండా, నా చక్రం చుట్టూ రెండు మెలికలు తిప్పి గట్టిగా ముడేసింది. గొడుగు మడిచి గట్టున పెట్టి, "నాక్కూడా కొంచెం కుంకుడు మిగిల్చారా అక్కా?" అంది.

రేవంతా గొల్లున నవ్వింది. నా బతుకులో అంత సంతోషం నేను ఎరగను. చాలాసేపటికి ఆమె తలారబోసుకుంటూ షెడ్డు దగ్గరికి వెళితే, సింహాద్రి ఆ జుట్టు చూసి అంతా అర్థం చేసుకుని, "అయితే టీ పెట్టించండి" అన్నాడు. రెండో రోజుకి అతనూ పనివాళ్లూ ఊరికే కూర్చోలేక మందిరంలోకి వెళ్లి మిర్చి తిరగేస్తున్నారు. లోపల ఘాటుకి ఒకటే తుమ్ములు. నీళ్లు చెప్పనక్కర్లేదు, నాకిక్కడికే వినిపించాయి.

పని కాలేదని తెలిసి పరాంకుశం గారే స్వయంగా కారులో వచ్చారు. దిగుతూనే తనకి ఇష్టంలేని పని చేయడానికి వచ్చిన మొహంతో నావైపు నడిచారు. చీర కనబడింది. ఎవరూ చెప్పకుండానే తల పక్కకి తిప్పుకుని ఆగిపోయారు. అలా తిప్పిన తలకి ఎదురుగా వెచ్చని విశ్రాంతి మందిరం ఉంది. దాని తలుపుల్లోంచి ఎర్రటి వెలుగు, జనం, తుమ్ములు. ఏడాదిగా ఒక్క మనిషి కూర్చోని గదిలో పట్టనంత మంది. లోపలికి వెళ్లారు. ముందు చెమట పట్టింది, తరవాత తుమ్ము వచ్చింది. కళ్లు నీళ్లతో నిండిపోయాయి, అందులో ఘాటు ఎంతో సంతోషం ఎంతో ఆయనకే తెలియాలి.

"ఎవరు చేశారమ్మా ఇదంతా?" అని అడిగారు.

"మీరే కట్టిచ్చిన్రు గదా సారూ" అంది బుచ్చక్క. అని, పెళపెళలాడే ఎర్రటి కాయలు దోసెడు తీసి ఆయన చేతుల్లో పోసింది.

ఒక్క మనిషిని చూపించమన్నారు కదా పై వాళ్లు. ఆయన సింహాద్రితో "మీరు మూత తీసుకుని వెళ్లిపోండి" అన్నారు. ఆ కాయలు కాగితంలో పొట్లం కట్టుకుని హైదరాబాదు పట్టుకెళ్లారు. అక్కడ ఏం మాట్లాడారో తెలియదు, పొట్లం విప్పగానే పెద్దవాళ్లందరూ వరసగా తుమ్మారని మాత్రం విన్నాను. ఉత్తరువు రద్దయింది. బుచ్చక్క ఇంటికి పెంకులు పడ్డాయి, నా మాటే నెగ్గింది. బోర్డు మీద "విశ్రాంతి మందిరం" చెరిపేసి "మిర్చి గది" అని రాశారు. పసుపు, ఇప్పపువ్వు, పుట్టగొడుగులు కూడా అందులో ఎండుతాయి. పక్క గూడేలకి రెండు కొత్త బోర్లు వేశారు, పెద్ద యంత్రం వచ్చింది, బడికీ ఆస్పత్రికీ కరెంటు వెళ్లింది.

పెద్ద యంత్రంతో పాటు కొత్త వాల్వు కూడా వచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నన్ను విప్పి కంచె పక్కన పడేశారు. కొత్తవాడు నున్నటి తెల్ల డబ్బా, చక్రం లేదు, హైదరాబాదులో కూర్చుని ఎవరో బటను నొక్కితే తెరుచుకుంటాడు, మూసుకుంటాడు. నేను పెద్దవాణ్ణి, అసూయపడలేదు. కొంచెం పడ్డాను. ఒకరోజు పొద్దున ఆడవాళ్లంతా తలంటుకుంటూ ఉండగా హైదరాబాదులో ఎవరో పరీక్ష కోసం బటను నొక్కారు. నీళ్లు టక్కున ఆగిపోయాయి. నెత్తినిండా కుంకుడు నురుగుతో బుచ్చక్క గట్టెక్కి, వైజయంతి ఫోను అందుకుని, ఆ బటను నొక్కినవాడితో మాట్లాడింది. కోయభాషలో మొదలెట్టి తెలుగులో ముగించింది. ఫోను పెట్టేశాక కూడా అతను చాలాసేపు "సారీ అమ్మా" అంటూనే ఉన్నాడట.

ఆ సాయంత్రమే ఆడవాళ్లొచ్చి నన్ను కంచె పక్కనుంచి ఎత్తుకెళ్లారు. రేవు గట్టున సిమెంటు దిమ్మె పోసి దాని మీద నిలబెట్టారు. నాలోంచి ఏ గొట్టమూ పోదు. నా చక్రం తిప్పినా ఏదీ తెరుచుకోదు, ఏదీ మూసుకోదు. నాగూర్ మీరా చూస్తే, ఇల్లరికం వచ్చావురా అల్లుడూ అని నవ్వేవాడు.

కానీ ఒక కొత్త కట్టుబాటు వచ్చింది. హైదరాబాదువాళ్లు బటను నొక్కేముందు జోగయ్యకి ఫోను చేసి అడగాలి. ఈ పొద్దునా చేశారు. జోగయ్య షెడ్డు గుమ్మంలోకి వచ్చి నావైపు చూశాడు. నా మీద బుచ్చక్క కొత్త చీర, నీళ్లోడుతూ ఉంది. జోగయ్య తల పక్కకి తిప్పుకుని, ఫోనులో అన్నాడు.

"ఇప్పుడు కాదు సారూ. ఇంకా ఆరలే."